తాళంచెవి నా దగ్గరే ఉంది

కొన్నేళ్ళుగా ఒక మాటని మోస్తున్నాను. నేనన్న మాటే. గుమ్మం దగ్గర నిలబడి, చేతిలో జాకెట్టు గుడ్డ పట్టుకుని, తల కూడా పూర్తిగా ఎత్తకుండా అనేశాను. అనడానికి ఎంతోసేపు పట్టలేదు. మోయడం మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పాలంటే వాళ్ళ మొహం మారడం చూడాలి. అది నా వల్ల కాదు. నా పేరు కూడా చెప్పను. నందిగామలో ఒక సందులో అద్దెకుంటూ జాకెట్లు కుట్టుకునే ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒకతెననుకోండి.

నేను మంచిదాన్ననీ, ఒక్కసారి నోరు జారాననీ మాత్రం అనుకోవద్దు. నేను దేన్నీ మరిచిపోయే మనిషిని కాను. నా భర్త జ్ఞాపకార్థ కూడికలో మా తోటికోడలు అందరికీ కూర వడ్డించుకుంటూ వచ్చి, నా ఆకు దగ్గరికి వచ్చేసరికి గరిటెతో గిన్నె అడుగు గీకింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. రేషన్ బండి మా సందులోకి రాకపోయినా, కుళాయిలో నీళ్ళు సన్నగా వచ్చినా, వీధి దీపం వెలగకపోయినా అర్జీ పట్టుకుని ప్రతి సోమవారం ఎమ్మార్వో ఆఫీసు ముందు కూర్చునేదాన్ని. నన్ను చూడగానే అక్కడివాళ్ళు మొహాలు పక్కకి తిప్పుకునేవారు. తిప్పుకుంటే తిప్పుకోనీ అనుకునేదాన్ని. నాకు రావాల్సింది నాకు రావాలి. అంతే.

రావాల్సినవాటిలో పెద్దది ఇల్లు.

నా భర్త జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. మాకు పిల్లల్లేరు. ఆయన పోయాక అత్తగారింట్లో ఉండలేక, కుట్టుమిషను ఆటోలో వేసుకుని నందిగామ వచ్చేశాను. మనిషిగా వచ్చేశాను గానీ గవర్నమెంటు లెక్కలో నేనింకా జగ్గయ్యపేటలోనే ఉన్నాను. ఇంటింటి సర్వేలో నన్ను మా మరిది కుటుంబంలో కలిపి రాసుకున్నారు. మా మరిదికి కారుంది. కాబట్టి నాకూ ఉన్నట్టే. కారున్న కుటుంబానికి ఇంటి స్థలం ఇవ్వరు. ఆ కారు నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు. నా భర్తకి ఆయాసమొచ్చిన రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళమంటే టైరు పంక్చరైందన్నాడు. నన్ను ఆ కుటుంబంలోంచి విడదీయమని నందిగామలో అడిగితే జగ్గయ్యపేట వెళ్ళమన్నారు. జగ్గయ్యపేట వెళితే, మీరుండేది నందిగామ కదా, అక్కడే అడగండి అన్నారు. రెండూళ్ళ మధ్య బస్సులో తిరగడమే నాకు మిగిలింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా కడుపుమంట ఎక్కడ మొదలైందో మీకు తెలియాలి. సాకు కోసం కాదు. సాకు కోసమే కావచ్చు. నాకే సరిగ్గా తెలియదు.

మా ఓనరుగారి కాంపౌండులో కింద మూడు పోర్షన్లు. మొదటిదాంట్లో వాళ్ళ పత్తి బస్తాలుంటాయి. చివరిది, మరుగుదొడ్డి పక్కది, నాది. మధ్యదాంట్లోకి దయామణి వాళ్ళు దిగారు. ఆమె భర్త ఏసుపాదం పత్తి మిల్లులో బస్తాలు మోసేవాడు. ఇద్దరు ఆడపిల్లలు. అత్తగారు మార్తమ్మ. పక్షవాతం వచ్చి ఆమెకి ఒక పక్క పడిపోయింది.

దయామణి నాకంటే చిన్నది. వచ్చిన రోజే "అక్కా" అంది. పోట్లాడటం తెలియని మనిషి. నీళ్ళు ముందు పట్టుకోమనేది, దండెం ముందు వాడుకోమనేది. అలాంటివాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది. అడక్కుండానే అన్నీ వాళ్ళ దగ్గరికి వస్తాయి. మావిడికాయలు దించితే ఓనరమ్మ ఆ పిల్లల్ని పిలిచి పెట్టేది. ఏసుపాదం సాయంత్రం వస్తూ పకోడీల పొట్లం తెచ్చేవాడు. ఆ పొట్లం విప్పిన వాసన గోడ దాటి వచ్చేది. మార్తమ్మ మంచం మీంచి "మా దయ లేకపోతే నేనేమైపోయేదాన్నే" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నా అత్త నన్ను ఒక్కసారి కూడా అలా అనలేదు. నేను మిషను తొక్కుతూ అన్నీ వింటూ ఉండేదాన్ని.

మార్తమ్మకి ఒకటే భయం. మా వెనక వీధిలో అద్దెకుంటున్న ఒకతను ఆస్పత్రిలో పోతే, శవాన్ని ఇంట్లోకి తీసుకురావద్దని ఇంటివాళ్ళు గేటుకి తాళం వేశారు. రోడ్డు పక్కన టార్పాలిన్ కట్టి, వెదురుబొంగుల మీద పడుకోబెట్టి అక్కడి నుంచే తీసుకుపోయారు. అద్దె ఇళ్ళల్లో ఇది మాకు కొత్త కాదు. చెడ్డ నక్షత్రంలో పోతే ఇల్లు నెలల తరబడి పాడుపెట్టాలంటారు, తర్వాత అద్దెకెవరూ రారంటారు. మేము ప్రార్థనకి పోయేవాళ్ళం, మాకు నక్షత్రాలు లేవు. అయితే ఏం? ఇల్లు వాళ్ళది, కాబట్టి నక్షత్రాలూ వాళ్ళవే.

ఆ సంగతి విన్నప్పటి నుంచి మార్తమ్మ రోజూ అడిగేది. "దయా, మన స్థలం ఎప్పుడిస్తారంటే? నాలుగు రేకులేసుకుందాం. నన్ను నీ గుమ్మంలో పడుకోబెట్టి, అక్కణ్ణించి పంపించు. రోడ్డు మీద మాత్రం పెట్టమాక. కుక్కలు తిరిగేచోట నాకు నీళ్ళు పోయమాకండే."

"అలాగేలే అత్తమ్మా. ముందు ఈ గంజి తాగు. తాగకపోతే ఇక్కడే పడుకోబెడతా నిన్ను," అనేది దయామణి. ముసలామె నవ్వేది.

దయామణికి అర్జీ ఎలా పెట్టాలో తెలియదు. రాసింది నేను. మా వార్డు సచివాలయానికి తీసుకెళ్ళింది నేను. అక్కడి కంప్యూటరు ముందు ఏమని అడగాలో, కాదంటే ఏమని నిలదీయాలో చెప్పింది నేను. రసీదు తీసుకునేదాకా కదలొద్దని చెయ్యి పట్టుకుని నిలబెట్టింది కూడా నేనే. నిజం చెప్పాలంటే, రాదనుకున్నాను. నాకే రానిది ఈమెకేం వస్తుంది అనుకున్నాను. మొదటి దెబ్బకే వచ్చింది. చందర్లపాడు రోడ్డులో వేసే లేఅవుట్లో స్థలం మంజూరైందని ఫోనుకి మెసేజి వచ్చింది.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయంలో దయామణి లేచి నిలబడింది. దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకోవడం మాలో అలవాటు. మైకు అందుకుంది. సొంత గూడు లేని నన్ను ప్రభువు జ్ఞాపకం చేసుకున్నాడు అంది. పాస్టరుగారు ఉపవాసముండి ప్రార్థించారంది. పాస్టరమ్మగారు ధైర్యం చెప్పారంది. మా ఓనరమ్మగారు కరెంటు బిల్లు జిరాక్సు ఇచ్చారు, ఆమెని కూడా దేవుడు దీవించాలి అంది. ఏడ్చింది. అందరూ స్తోత్రం అన్నారు.

జిరాక్సు ఇచ్చినామె పేరుంది. నా పేరు లేదు.

నేను ఆడవాళ్ళ వైపు ముందు వరసలోనే కూర్చున్నాను. ఆమె దిగి వచ్చేటప్పుడు నా చీరకి ఆమె చీర తగిలింది. నన్ను చూసి నవ్వింది కూడా. ఇప్పుడనిపిస్తుంది, ఆమె లెక్కలో నేను బయటిదాన్ని కాననీ, సొంతవాళ్ళకి ఎవరూ మైకులో కృతజ్ఞతలు చెప్పరనీ. అప్పుడు అనిపించలేదు. అప్పుడు అనిపించింది ఒక్కటే. నీ ప్రార్థన విన్న దేవుడు నా ప్రార్థన ఎందుకు వినలేదు? నువ్వు నాకంటే ఎందులో ఎక్కువ?

తర్వాత ఒకరోజు వచ్చి, "అక్కా, నీ సుద్దముక్క ఒకటివ్వవా," అని గుడ్డల మీద గీతలు గీసుకునే సుద్ద అడిగి తీసుకెళ్ళింది. చూస్తే మా రెండు పోర్షన్ల ముందున్న నాపరాళ్ళ మీద ఇల్లు గీసింది. ఇది వంటగది. ఇది గది. ఇక్కడ తలుపు, తలుపుకి ఎదురుగా అత్తమ్మ మంచం, గాలి తగలాలి కదా. పిల్లలిద్దరూ ఆ గీతల్లో కూర్చుని అన్నం తిన్నారు. మార్తమ్మని మంచంతో సహా మోసుకొచ్చి ఆమె చోట్లో పెట్టారు. "అక్కా, నువ్వొచ్చినప్పుడు ఇదిగో, ఇక్కడ మిషను పెట్టుకో," అని ఒక మూల నాకూ చూపించింది. అతిథిగా ఒక మూల. నా సుద్దతోనే. వాళ్ళు లోపలికి పోయాక నేను బకెట్టు నీళ్ళు పోసి నాపరాళ్ళు కడిగేశాను. కోడి రెట్ట వేసిందని చెప్పాను.

చూశారా, ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో. రెండోదానికి అప్పటికే దారి పడింది.

మిరపకాయల కోతలు మొదలయ్యాయి. ఏటా ఆ రోజుల్లో దయామణి కుటుంబం మొత్తం వీరులపాడు పోతుంది. మార్తమ్మ తమ్ముడు అక్కడుంటాడు. ఆయన ఇంటి వసారాలో ఉండి, చుట్టుపక్కల చేలల్లో కోతకి వెళ్ళి, పని అయిపోయాక తిరిగొస్తారు. ఆ ఏడు కూడా ముసలామెని ఆటోలో పడుకోబెట్టుకుని బయల్దేరారు. దయామణి తలుపుకి తాళం వేసి, ఎర్ర దారం కట్టిన తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఫోను నంబరు నా మిషను వెనక గోడ మీద పెద్దమ్మాయి చేత రాయించింది.

"సచివాలయం వాళ్ళొస్తే ఒక్క ఫోన్ కొట్టక్కా. ఎక్కడున్నా ఆటో ఎక్కి వచ్చేస్తా. ఇంటి ముందు ఫొటో తీయాలంట, వేలిముద్రంట. నువ్వున్నావనే ధైర్యం మీద వెళ్తన్నా."

"వెళ్ళు. నేనెక్కడికి పోతాను," అన్నాను.

అద్దెకున్నవాళ్ళకి పక్క పోర్షన్ వాళ్ళే సాక్షులు. మనం ఉన్నామో లేదో, ఎవరమో, ఎక్కణ్ణించి వచ్చామో చెప్పాల్సింది వాళ్ళే. సొంతిల్లున్నవాడికి గోడలు సాక్ష్యం చెబుతాయి. మాకు మనిషి కావాలి. దయామణికి ఆ మనిషిని నేను.

ఒకరోజు ఎండ ముదిరిన వేళ సచివాలయం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చున్నీ తల మీద కప్పుకుని, చేతిలో ఫోను పట్టుకుని మధ్య పోర్షన్ తాళం చూసి, నా గుమ్మం దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, దయామణిగారంటే ఇక్కడేనాండి?"

"ఇక్కడే. తాళమేసుందిగా."

"అదే చూశానండి. స్థలం శాంక్షనైంది. పట్టా ఇచ్చేముందు ఒకసారి వెరిఫికేషన్ చెయ్యాలి. ఊళ్ళో లేరా?"

"లేరు. వీరులపాడు వెళ్ళారు."

"పనికెళ్ళారాండి?"

అమ్మాయే అందించింది. అవునంటే సరిపోయేది. ఆ ఒక్క మాట అనేసి, గోడ మీద నంబరు చూపిస్తే అయిపోయేది. నేను జాకెట్టు చంకలో కుట్టు విప్పుతున్నాను. తల ఎత్తలేదు.

"వాళ్ళిల్లు అక్కడేగా," అన్నాను.

"సొంతిల్లాండి?"

"సొంతిల్లే. స్లాబు. పిల్లల చదువులకని ఇక్కడ అద్దెకుంటారు గానీ, ముసలామెతో సహా అందరూ అక్కడికే పోతుంటారు."

"అయ్యో. ఇల్లుంటే రాదు కదండీ. మరి అప్లికేషన్లో లేదని పెట్టారే."

"ఎవరు మాత్రం ఉందని పెడతారమ్మా?"

ఆ అమ్మాయి నవ్వింది. "అదీ నిజమేలెండి. అందరూ అంతే చేస్తన్నారు, మేం తిరగలేక చస్తన్నాం. ఫోన్ నంబరేమన్నా ఉందా ఆంటీ వాళ్ళది?"

"లేదమ్మా. మాతో అంత కలవరు."

తాళంచెవి నా పక్కనే మేకుకి వేలాడుతోంది. నంబరు నా వీపు వెనక గోడ మీద ఉంది. ఆ అమ్మాయి ఫోనులో ఏదో కొట్టుకుంది. మంచినీళ్ళడిగితే చెంబుతో ఇచ్చాను. "థాంక్స్ ఆంటీ, మీలాగా చెప్పేవాళ్ళుంటే మాకు సగం పని తగ్గుద్ది," అని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం నేనెలా ఉన్నానో చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. హాయిగా ఉన్నాను. అన్నం తిన్నాను, కాసేపు నిద్రపోయాను. లేచాక ఆగిపోయిన జాకెట్టు పూర్తి చేశాను. భయం వేయలేదు. చాలా రోజుల తర్వాత ఎవరో నా మాట విని రాసుకున్నారు అనిపించింది. ఎన్ని అర్జీలు పెట్టినా కదలని ఆఫీసు, నేను నోటితో అన్న ఒక్క మాటకి కదిలింది.

కోతలయ్యాక వాళ్ళు తిరిగొచ్చారు. దయామణి చేతులు మిరప ఘాటుకి మండి ఎర్రగా ఉన్నాయి. నా కోసం విడిగా సంచిలో ఎండుమిరపకాయలు తెచ్చింది. తాళంచెవి తీసుకుంటూ, "ఎవరన్నా వచ్చారా అక్కా?" అని అడిగింది.

"ఎవరూ రాలేదు," అన్నాను.

ఆ మిరపకాయలు ఏడాది పొడుగునా వాడాను.

పట్టాలిచ్చిన రోజు ఆమె పేరు పిలవలేదు. అనర్హత అన్నారట. ఎందుకని అడిగితే, పైనుంచి వచ్చింది, మాకేం తెలుసు అన్నారట. ఇంటికొచ్చి నా గుమ్మంలో కూలబడింది. "లోపల అత్తమ్మకి ఏం చెప్పనక్కా?" అని అడిగింది. నేను ఆమె వీపు నిమిరాను. "మనలాంటోళ్ళకి ఇంతే దయా," అన్నాను. మనలాంటోళ్ళు అన్నప్పుడు నా నోటికి తీపి తగిలినట్టయింది. ఇప్పుడు సమానం.

అర్జీ పెడదామా అని ఆమే అడిగింది. వదిలెయ్యమన్నాను. వీధి దీపం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినదాన్ని, ఇంటి కోసం వదిలెయ్యమని చెప్పాను. ఆమె నా మాట నమ్మింది. ఇలాంటివి నాకు బాగా తెలుసని ఆమె నమ్మకం.

మార్తమ్మకి ఆ సంగతి చెప్పలేదు. వస్తుందిలే, ఇంకొంచెం ఆలస్యమవుద్దంట అని నెట్టుకొచ్చారు. వానల రోజుల్లో ముసలామెకి జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో చేర్చారు. అక్కడే పోయింది. అంబులెన్సు మా సందు మొదటికి వచ్చేసరికి ఓనరమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. చెడ్డ మనిషేం కాదు. గట్టిగా కూడా మాట్లాడలేదు.

"ఏమనుకోకు దయామణీ. మా పిల్లకి సంబంధాలు చూస్తన్నాం. గేటు లోపలికి మాత్రం వద్దమ్మా. టెంటు మేమే వేయిస్తాం, కుర్చీలూ పంపిస్తాం. నన్ను అర్థం చేసుకో."

ఏసుపాదం ముందుకొచ్చి, "ఒక్క గంటండీ. ఒక్క గంట మా గుమ్మంలో," అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి పైకి వెళ్ళిపోయింది.

సందు బయట, రోడ్డు పక్కన టెంటు వేశారు. చర్చి నుంచి బల్ల తెచ్చి దాని మీద మార్తమ్మని పడుకోబెట్టారు. సన్నగా వాన. టెంటు అంచు నుంచి నీళ్ళు కారి ఆమె కాళ్ళ దగ్గర బురదైంది. స్నానం చేయించేటప్పుడు ఆడవాళ్ళం చుట్టూ చీరలు అడ్డం పట్టుకున్నాం. రోడ్డు వైపు చీర నేను పట్టుకున్నాను. పత్తి లారీలు పోతున్నాయి. దయామణి వంగి అత్త ఒంటి మీద నీళ్ళు పోస్తూ తలెత్తకుండానే, "అక్కా, ఇంకొంచెం పైకెత్తు. లారీవాళ్ళు చూస్తన్నారు," అంది.

ఎత్తాను. చేతులు పడిపోయేదాకా ఎత్తి పట్టుకున్నాను. ఎంత ఎత్తినా లారీ క్యాబిన్ అంత ఎత్తు రాలేదు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆ బురదలో, ఆ చీర వదిలేసి. వదిలితే ముసలామె ఒళ్ళు అందరికీ కనిపిస్తుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత చెబుదామనుకున్నాను. సమాధి అయ్యాక చెబుదామనుకున్నాను. వాళ్ళు ఆ పోర్షన్ ఖాళీ చేసి మరో సందులోకి మారిపోయేటప్పుడు చెబుదామనుకున్నాను. మారేముందు ఆదివారం దయామణి మళ్ళీ సాక్ష్యం చెప్పింది. ఈసారి నా పేరు చెప్పింది. సొంత అక్కలాగా వానలో నిలబడిందంది. అందరూ నా వైపు తిరిగి చూశారు. నేను ఎన్ని రోజులు కోరుకున్నానో ఆ చూపుని. అది ఒంటి మీద వాతలా పడింది.

అప్పటి నుంచి చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళడం లేదు. రొట్టె, ద్రాక్షరసం తీసుకునేముందు ఎవరికి వారు పరీక్షించుకోవాలని పాస్టరుగారు అంటారు. నా వంతు వచ్చేసరికి లేచి చెప్పుల దగ్గరికి వెళ్ళిపోతాను. మోకాళ్ళ నొప్పులన్నాను. కొందరు నమ్మారు. పాస్టరమ్మగారు నమ్మలేదనుకుంటాను. అడగలేదు గానీ.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే నేను ఇలాగే మోస్తూ పోయేదాన్నేమో. ఈ మధ్య దయామణి కొత్తగా అర్జీ పెట్టుకుంది. అదీ వెనక్కి వచ్చింది. ఈసారి ఎవరో దయ తలిచి కంప్యూటరులో చూసి చెప్పారట. వీరులపాడులో సొంతిల్లు ఉందని ఆమె పేరు మీద నమోదై ఉందట. అది పోయేదాకా ఎన్నిసార్లు పెట్టినా ఇంతేనట.

నా దగ్గరికే వచ్చింది. నా మిషను పక్కన కూర్చుంది. మొహం నల్లబడిపోయింది.

"మా చిన్నమామే అక్కా. ఆయనే ఏదో చేసుంటాడు. ఇంటి పన్ను మా పేరున రాయించుంటాడు. అత్తమ్మ తోడబుట్టినోడు, అక్క శవాన్ని రోడ్డు మీద చూసి వెళ్ళాడు. మా ఆయన వెళ్ళి చొక్కా పట్టుకున్నాడు. ఇంక ఆ గడప తొక్కం." కొంగుతో మొహం తుడుచుకుని, "ఎవరు చేశారో దేవుడికి తెలుసులే," అంది.

"అవును," అన్నాను.

వసారాలో చోటిచ్చిన మనిషి. వాళ్ళకి కోతల రోజుల్లో ఉన్న ఒక్క చోటు కూడా నా వల్ల పోయింది. ఆయన నాకేం చేశాడు? ఆయన్ని నేను చూసింది ఒక్కసారి, ఆ టెంటు కింద. మా తోటికోడలి గరిటె నాకు గుర్తుంటే, రేపు ఆయనకి మేనల్లుడి చెయ్యి గుర్తుండదా?

ఆమె వెళ్ళాక మిషను తొక్కలేకపోయాను. మర్నాడు ఆఫీసుకి వెళ్ళాను. ఎప్పుడూ వెళ్ళే చోటే. ఎప్పుడూ కూర్చునే బెంచీయే. లోపలికి పిలిచాక, ఫలానా దయామణికి సొంతిల్లు లేదు, ఉందని చెప్పింది నేను, అది అబద్ధం అన్నాను. అక్కడున్న ఆఫీసరు కుర్రాడేం కాదు, పెద్దాయన, నా అర్జీలు చాలా చూసినవాడు. వీరులపాడులో విచారణ చేయిస్తామనీ, నా వాంగ్మూలం ఉంటే ఆ నమోదు తీసేయడానికి వీలవుతుందనీ అన్నాడు. కాగితం తీసుకుని తనే రాయడం మొదలుపెట్టి మధ్యలో ఆగాడు.

"పొరపాటున చెప్పాను అని రాస్తున్నానమ్మా. అవగాహన లేక, పొరపాటున. లేకపోతే మీకు ఇబ్బంది. తెలిసి చెప్పలేదుగా మీరు?"

నా అర్జీల్లో ఒక్క మాట తేడాగా రాసినా ఒప్పుకునేదాన్ని కాదు. చించేసి మళ్ళీ రాయించేదాన్ని. ఆ రోజు ఆయన నా మొహంలోకి చూస్తూ ఎదురుచూస్తున్నాడు. నేను తల ఊపాను. పొరపాటున అని రాశాడు. చదివి వినిపించాడు. సంతకం పెట్టాను.

విచారణ అవుతుందంటున్నారు. దయామణికి ఇంకా ఏమీ తెలియదు. ఆమె మొహం చూసి చెప్పగలనో లేదో నాకు తెలియదు. వీరులపాడు ఆయన ముందుకి వెళ్ళగలనో లేదో అసలే తెలియదు. ఒకవేళ ఆమెకి స్థలం వచ్చి, పునాది తీసి, గోడలు లేస్తే, అటు వెళ్ళే బస్సులోంచి చూసి నాకు కడుపు మండుతుందనే అనుకుంటున్నాను. మారానని చెప్పను.

అక్కడి కాగితంలో రాయనిది ఇక్కడ రాస్తున్నాను. పొరపాటు కాదు. అవగాహన లేక కాదు. ఆ అమ్మాయి "పనికెళ్ళారా" అని అడిగినప్పుడు ఏం చెప్పాలో నాకు తెలుసు. ఇల్లు ఎవరిదో తెలుసు. ఆ ముసలామె దేనికి భయపడుతుందో తెలుసు. నాకు లేని ఇల్లు దయామణికి ఉండకూడదని, తెలిసే చెప్పాను.

ఈ మాట ఇప్పుడు మొదటిసారి బయటికి వచ్చింది. మీరు క్షమించాలని అడగడం లేదు. మీరు విన్నారు. అది చాలు.